వరండాలో చెక్క మీద నిలబడ్డ రోజు



మొన్న మన పేజీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. "అన్నా, మావాడు ఇంటర్ పాసయ్యాడు. కళ్లకు పెట్టుకునే ఆ వీఆర్ పెట్టె కొనిపెట్టమని ఒకటే గొడవ. మీ ఇంట్లో ఉందంట కదా, కొనొచ్చంటావా?" అని. సాయంత్రం రాసి పెడతాలే అన్నాను. రెండు ముక్కల్లో రాద్దామని కూర్చుంటే రెండు ముక్కల్లో తేలలేదు. ఆ పెట్టె మా ఇంటికొచ్చిన ఏడాది ఎలాంటిదో చెప్పకుండా దాని మంచిచెడ్డలు చెబితే సగం దాచినట్టే అవుతుంది. అందుకని కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

అలాంటి వస్తువు నేను మొదట చూసింది 2016లో. మావాడు అప్పుడు గుంటూరులో ఇంజనీరింగ్ రెండో ఏడాది. సెలవులకొస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. లోపల రెండు చిన్న భూతద్దాలు, ముందు వైపు ఫోను దూర్చే సందు. అంతే. గూగుల్ వాళ్లు 2014లో ఈ నమూనా బయటపెట్టారంట, ఎవరైనా అట్ట కోసుకుని చేసుకోవచ్చు. మావాడు 200 పెట్టి కొన్నాడు.

"కూర్చుని చూడు నాన్నా" అని నా కళ్లకు ఆనించాడు. పట్టాల మీద ఒక చిన్న బండి, అందులో నేను. కొండెక్కినట్టు పైకెక్కి ఒక్కసారి కిందకి దూకింది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నా గాని కడుపులో దేవింది. రెండు నిమిషాలకి దాన్ని పక్కన పడేసి దొడ్లోకి పోయి వాంతి చేసుకున్నా. మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. మనవణ్ణి కూడా రెండు తిట్టింది.

ఎందుకట్లా అయిందని తర్వాత అడిగితే వాడు చెప్పాడు. మన చెవి లోపల ఒక ద్రవం ఉంటుంది, ఒళ్లు కదిలిందా లేదా చెప్పేది అదే. కళ్లేమో బండి పరిగెడుతోందంటాయి, చెవేమో నువ్వు కుర్చీలోనే ఉన్నావంటుంది. రెంటికీ పొత్తు కుదరక కడుపు తిరుగుతుంది. ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చుంటే తిప్పడానికి కారణమూ ఇదే. అక్కడ చెవి కదిలావంటుంది, ముందు సీటు వీపే చూస్తున్న కళ్లు కదల్లేదంటాయి.

బొమ్మ నిజంలా లోతుగా కనపడటానికి కారణం ఇంకా తేలిక. ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. రెండు కళ్లూ కొంచెం ఎడంగా ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో రకంగా కనిపిస్తుంది, ఆ తేడాని బట్టి దూరం ఎంతో మెదడు లెక్క కడుతుంది. ఈ పెట్టె కూడా రెండు కళ్లకూ కొంచెం తేడాగా రెండు బొమ్మలు చూపిస్తుంది. తల తిప్పితే బొమ్మా తిరుగుతుంది. అంతే కిటుకు.

ఇది నిన్నామొన్న పుట్టిన ఆలోచన కాదు. 1968లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ అనే ఆయన తలకు తగిలించే ఇలాంటిది చేశాడు. దాన్ని పైకప్పుకి వేలాడదీసి వాడేవాళ్లు. తర్వాత ఎందరో ప్రయత్నించినా ఇళ్లల్లోకి రాలేదు. 2012లో పామర్ లక్కీ అని ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు ఆక్యులస్ రిఫ్ట్ పేరుతో జనం దగ్గర చందాలడిగితే 24 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని దాదాపు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. అవును, మనం ఇప్పుడు చదువుకుంటున్న ఈ ఫేస్‌బుక్కే. 2016లో రిఫ్ట్ అమ్మకానికొచ్చినప్పుడు ధర 599 డాలర్లు. అదొక్కటి కొంటే పనవదు, దాన్ని నడపడానికి బలమైన కంప్యూటరు వేరే కావాలి. తల వెనక నుంచి తాడులా వైరు వేలాడుతుంటుంది.

ఆ బలమైన కంప్యూటరు దగ్గరే మా ఇంట్లో మొదటి గొడవ వచ్చింది.

2019లో మావాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మొదటి ఆరు నెలల జీతంలో మిగిలినదంతా పెట్టి గేములాడే కంప్యూటరు ఒకటి కట్టించుకున్నాడు. మొత్తం 65 వేలు. అందులో గ్రాఫిక్ కార్డు అనే ఒక్క ముక్కే 19 వేలు. బొమ్మలు గీసే పనంతా దానిదేనంట. ఫోన్లో చెబితే నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, ఆ డబ్బుకి పాడిగేదె వచ్చేది కదరా. పొద్దునా సాయంత్రం పాలిచ్చేది. ఇదేమిస్తుంది?" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. మూడు నెలలు ఫోన్ చేసినా వాళ్లమ్మతోనే మాట్లాడేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఆఫీసు మూసేస్తే ఆ కంప్యూటరు కారులో వేసుకుని ఊరికొచ్చాడు. పగలు ఆఫీసు పని, రాత్రి ఆటలు. మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కదా. సాయంత్రం అందరూ లైట్లు వేసేసరికి ఓల్టేజీ పడిపోయేది, ఆ పెట్టె దానంతటదే ఆగిపోయేది. ఒకసారి గాలివానకి తీగలు రాసుకుని లోపలున్న పవర్ సప్లై డబ్బా కాలిపోయింది. నరసరావుపేట నుంచి కొత్తది తెచ్చి, ఒక యూపీఎస్ తగిలించాక గాని కుదురుకోలేదు. నేను పొలం నుంచొచ్చేసరికి చెవులకు డిప్పలు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. చూసినప్పుడల్లా నాకు గేదె గుర్తొచ్చేది.

ఇక 2021కి వద్దాం. మిరప వేసినవాళ్లకి ఆ ఏడాది గుర్తు చేయక్కర్లేదు.

నేను మూడెకరాలు వేశా. ఎకరన్నర సొంతం, ఎకరన్నర కౌలు. మొక్క బ్రహ్మాండంగా లేచింది. పూతకొచ్చాక నల్ల తామర పురుగు దిగింది. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా నూగు గింజల్లా కదులుతున్నాయి. పూత పూతంతా రాలిపోయింది. మొదట కొట్టు ఆయన చెప్పిన మందు కొట్టా, తర్వాత పక్క చేను వాళ్లు కొట్టిన మందు కొట్టా. నాలుగు రోజులకొకసారి కొట్టినా పురుగు తగ్గలేదు, బాకీ పెరిగింది. మన దేశంలో ఆ పురుగు మొదట 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద కనపడిందంట. మన చేలోకి వచ్చేదాకా మనకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత మిరప ధర పెరిగింది. కాయ ఉంటే కదా అమ్ముకోవడానికి!

సరిగ్గా అప్పుడే, డిసెంబరులో, మావాడి స్నేహితుడు అమెరికా నుంచొస్తూ క్వెస్ట్ 2 అనే పెట్టె తెచ్చిచ్చాడు. అక్కడ దాని ధర 299 డాలర్లు, అప్పటి లెక్కలో మన 22 వేలు పైచిలుకు. తెల్లగా, అర కిలో బరువుంటుంది. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, వైర్లు లేవు, ఫోను దూర్చే పని లేదు, అంతా అందులోనే. ముందు వైపు నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. మనం గదిలో ఎక్కడున్నాం, ఎటు కదిలాం అన్నది అవే చూసుకుంటాయి. చేతుల్లో పట్టుకోడానికి రెండు పిడులు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు మూడు గంటలొస్తుంది. అప్పట్లో అది తెరుచుకోవాలంటే ఫేస్‌బుక్ అకౌంటు ఉండి తీరాలి.

నేను దాని వైపు కూడా చూడలేదు. చేను ఎండిపోతుంటే ఇంట్లో 22 వేల కళ్లజోడు. తిట్టే ఓపిక కూడా లేదు నాకు. ఆ నెలంతా నేను ఇంట్లో పెద్దగా మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాణ్ణి, లేకపోతే లేదు. కొట్టులో 2 లక్షల 10 వేలు, బ్యాంకులో లక్షా 20 వేలు, చేబదుళ్లు లక్షా 30 వేలు. మొత్తం 4 లక్షల 60 వేలు. బ్యాంకుది తప్ప మిగతాది ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని వారం ఆలోచించా. ఆ రోజుల్లో రాత్రిపూట నా బుర్రలో ఒకటే ఆలోచన తిరిగేది. అది ఏమిటో ఇక్కడున్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నేను లేకపోతే వీళ్లకి ఈ బాధ ఉండదు కదా అనిపించేది. అది తప్పని కూడా అనిపించేది కాదు, లెక్క సరిపోయినట్టే అనిపించేది.

సంక్రాంతి వచ్చింది. అల్లుడూ కూతురూ వచ్చారని బలవంతాన నవ్వుతూ తిరిగా. కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మావాడు వరండాలో ఆ పెట్టె తీశాడు. ముందు గచ్చు మీద చేతి పిడితో ఒక గీత గీసుకోవాలి. గీత మనకు బయట కనపడదు, పెట్టె పెట్టుకున్నవాడికే కనపడుతుంది. దాన్ని దాటబోతే కళ్ల ముందు వలలాంటి గోడ లేస్తుంది, ఆగమని.

మొదట వాళ్ల నాయనమ్మకి పెట్టాడు. ఆవిడకి అప్పుడు 78. మోకాళ్లు పోయి గుమ్మం దాటడం లేదు. కాశీలో గంగ ఒడ్డు వీడియో పెట్టాడు, చుట్టూ తిరిగి చూసే రకం. ఆవిడ మంచం మీద కూర్చునే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. కాసేపటికి వంగి చెయ్యి కిందకి చాపి, నీళ్లు తీసుకున్నట్టు దోసిలి పట్టి నెత్తిన చల్లుకుంది. పెట్టె తీశాక నెత్తి తడుముకుని "తడవలేదేంట్రా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా, చాలా రోజులకి.

అది చూసి మావాడికి ధైర్యం వచ్చినట్టుంది. "నాన్నా, నువ్వూ ఒక్కసారి. ఇందులో కడుపు తిప్పదు, నీ కాళ్లతో నువ్వే నడుస్తావు" అన్నాడు. కాదనబుద్ధి కాలేదు. గొడ్ల సావిట్లో పడున్న తుమ్మచెక్క బల్ల, ఆరడుగులది, తెచ్చి గచ్చు మీద వేశాడు. ఎందుకో నాకు చెప్పలేదు.

ఆ ఆట పేరు రిచీస్ ప్లాంక్ ఎక్స్‌పీరియన్స్. పెట్టె పెట్టుకున్నాక చూస్తే నేనొక లిఫ్టులో ఉన్నా. బొత్తం నొక్కమన్నాడు, నొక్కా. తలుపులు మూసుకున్నాయి, పైకి పోతున్నట్టు శబ్దం. టింగుమని తెరుచుకునేసరికి ఎదురుగా ఆకాశం. లిఫ్టు గడప దగ్గర్నించి ఒకే ఒక చెక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది. దానికి అటూ ఇటూ ఏమీ లేదు. కిందెక్కడో రోడ్డు, చీమల్లా కార్లు. గాలి శబ్దం చెవుల్లో.

"చెక్క మీదకి నడువు నాన్నా" అన్నాడు. అడుగేశా. పాదానికి తుమ్మచెక్క గరుకుగా తగిలింది. అప్పుడు తెలిసింది వాడు బల్ల ఎందుకు వేశాడో. కంటికి కనపడేదీ పాదానికి తగిలేదీ ఒకటైపోయింది.

నేను ఎత్తులకి భయపడేవాణ్ణి కాదు. చిన్నప్పుడు తాడిచెట్టు ఎక్కా, మోటబావి ఒరల మీద పరిగెత్తా. అయినా రెండో అడుగుకి మోకాళ్లు వణికాయి. అది మా వరండా అని తెలుసు. గచ్చు రెండంగుళాల కిందే ఉందని తెలుసు. పక్కన మా ఆవిడ నవ్వుతున్నది వినపడుతూనే ఉంది. ఏం తెలిసినా కాళ్లు కదల్లేదు. అరచేతులకి చెమటలు పట్టాయి. చేతి పిడులు వదిలేసి వంగిపోయి, రెండు చేతులతో ఆ బల్లని గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయా. "నన్ను దించండ్రా, పడిపోతా, పట్టుకోండ్రా" అని అరిచానంట. అరిచినట్టు నాకు గుర్తులేదు.

బల్ల పట్టుకుని ఉండగానే ఒక సంగతి తట్టింది. నెల రోజుల నుంచి పోతే పోయిందిలే అనుకుంటున్న మనిషిని నేను. మరి ఉత్త బొమ్మ చూసి పడిపోతానేమోనని బల్లని ఇంత గట్టిగా పట్టుకున్నది ఎవరు? రాత్రిళ్లు నా బుర్ర వేసిన లెక్కలో నా ఒళ్లు లేదు. దానికి చావాలని లేదు.

నా భుజాలు ఎగురుతుంటే మావాడికి అనుమానం వచ్చి పెట్టె తీశాడు. అద్దాలు తడిసి ఉన్నాయి. అందరి నవ్వులూ ఆగిపోయాయి. వాడు నా ముందు గచ్చు మీద కూర్చుని చేతులు పట్టుకుని "సారీ నాన్నా, ఇంత భయపడతావనుకోలేదు" అన్నాడు. "దీనికి కాదురా" అన్నా.

ఆ రాత్రి డాబా మీద వాడికి అంతా చెప్పేశా. 4 లక్షల 60 వేల సంగతి చెప్పా. రాత్రిళ్లు ఏం ఆలోచిస్తున్నానో అదీ చెప్పా. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కిందకి పోయి నోటుబుక్కు తెచ్చాడు. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఏది ముందు తీర్చాలి, వరసగా రాశాం. నూటికి రెండు రూపాయల వడ్డీ చేబదుళ్లు ముందు, కొట్టు తర్వాత, బ్యాంకు చివర. తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. వారం తర్వాత వాడు కంప్యూటరులోంచి ఆ గ్రాఫిక్ కార్డు పీకి హైదరాబాదులో అమ్మేశాడు. 2019లో 19 వేలకి కొన్న ముక్క, రెండేళ్లు వాడాక, 31 వేలకి పోయింది! ఆ రోజుల్లో ప్రపంచమంతా చిప్పులకి కరువు. పైగా బిట్‌కాయిన్ లాంటి డబ్బు తవ్వేవాళ్లు ఈ కార్డులన్నీ ఎగబడి కొనేవాళ్లు. గేదె పాలిస్తుంది, ఇదేమిస్తుంది అన్నాను కదా, ఆ ఏడాది నా మూడెకరాల మిరప మిగల్చలేనిది అది మిగిల్చింది. ఆ 31 వేలు ఒక చేబదులు కింద పోయాయి. క్వెస్ట్ పెట్టె కూడా అమ్మేస్తానన్నాడు. నేనే వద్దన్నా, నాయనమ్మ కాశీ చూస్తుందిలే అని.

తర్వాత కౌలు వదిలేశా. మిరప ఎకరమే వేస్తున్నా, మిగతాది మొక్కజొన్న, కంది. చేబదుళ్లు తీరాయి. కొట్టు బాకీ ఇంకా కొంచెం ఉంది.

ఆ పెట్టె నన్ను బాగు చేసిందని నేననను. బాగు చేసింది మావాడితో మాట్లాడటం. కాని ఒళ్లు అంతగా నమ్మేస్తుందన్నది నిజమని తర్వాత చదివా. 1995లోనే అమెరికాలో బార్బరా రోత్‌బామ్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు ఎత్తంటే భయపడేవాళ్లకి ఇలాంటి పెట్టెల్లో వంతెనలూ మేడలూ చూపించి ఆ భయం తగ్గించే పని చేశారు. బొమ్మ అని తెలిసినా గుండె దడదడలాడుతుంది కాబట్టే ఆ వైద్యం కుదిరింది.

ఇక తమ్ముడు అడిగినదానికి జవాబు.

కొనొచ్చు, తొందరేమీ లేదు. మీ చేతిలో అప్పు లేని డబ్బు ఉంటేనే. కొంటే ఇవి గుర్తుపెట్టుకో. చిన్నపిల్లలకి ఇవ్వొద్దు. కంపెనీవాళ్లు మొదట్లో 13 ఏళ్ల లోపు వాళ్లకి వద్దన్నారు, 2023లో తల్లిదండ్రుల అదుపులో అయితే పదేళ్ల నుంచి అన్నారు. మొదట్లో పది నిమిషాలు చాలు, తల తిరిగితే వెంటనే తీసెయ్యాలి, ఓర్చుకుంటే అలవాటవుతుందని కూర్చోకూడదు. మెట్ల దగ్గర, డాబా మీద అసలు ఆడనివ్వొద్దు. అద్దాల మీద ఎండ పడనివ్వొద్దు, భూతద్దంతో కాగితం కాల్చినట్టు లోపలి తెర కాలిపోతుంది. వాకిట్లో పెట్టి మర్చిపోతే డబ్బు పోయినట్టే. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకి, ముసలివాళ్లకి చెప్పకుండా ఆ చెక్క ఆట పెట్టొద్దు. మావాడు చేసింది తప్పే, నా విషయంలో కలిసొచ్చింది అంతే.

మీవాణ్ణి మాత్రం ఊరికే తిట్టకు. వాడికి అందులో ఏం కనపడుతోందో ఒకసారి పక్కన కూర్చుని అడుగు. నేను రెండేళ్లు అడగలేదు.

చివరిగా ఒక మాట. మనలో ఎవరైనా నెల రోజులుగా నలుగురిలో కూర్చుని కూడా పలక్కుండా ఉంటే, పంట ఎలా ఉంది అని అడగబోకండి. నువ్వెలా ఉన్నావు అని అడగండి. మీకే అలా ఉంటే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416 కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వం పెట్టింది, ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు నాకు అప్పట్లో లేదు, అది మొదలైందే 2022 అక్టోబరులో. ఇప్పుడు ఉంది కాబట్టి రాస్తున్నా.

రేపు కందికి రెండో తడి. మోటారు టైము పొద్దున్నే ఉంది, పడుకుంటా. ఉంటాను.